వేళకో శ్రోత

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చాలా ఏళ్ల వరకూ బ్రిటన్‌లో రేడియో అంటే బీబీసీయే. దేశంలో మరో రేడియో సంస్థకు అనుమతి లేదు. బీబీసీలో వ్యాపార ప్రకటనలూ లేవు. ఖర్చంతా శ్రోతలు కట్టే లైసెన్సు రుసుము మీదే నడిచేది. 1946లో ఆ రుసుమును ఏడాదికి 10 షిల్లింగుల నుంచి ఒక పౌండుకు పెంచారు.

శ్రోతకు మూడు స్టేషన్లు అందేవి. యుద్ధం మొదలైన 1939లో పుట్టిన హోమ్ సర్వీస్‌లో వార్తలు, ప్రసంగాలు, నాటకాలు, బడిపిల్లల పాఠాలు వచ్చేవి. 1945 జులై 29న మొదలైన లైట్ ప్రోగ్రామ్ పాటలకు, హాస్యానికి, ధారావాహికలకు నిలయం. 1946 సెప్టెంబర్ 29న వచ్చిన థర్డ్ ప్రోగ్రామ్ శాస్త్రీయ సంగీతం, కవిత్వం, గంభీరమైన చర్చల కోసం. తేలిక పాటలతో మొదలుపెట్టిన శ్రోత అభిరుచి పెంచుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కి థర్డ్ ప్రోగ్రామ్ దాకా చేరాలని డైరెక్టర్ జనరల్ విలియం హేలీ ఆశ.

ఆనాటివన్నీ వాల్వు సెట్లే. మీట తిప్పాక వాల్వులు వేడెక్కి మాట వినిపించడానికి అర నిమిషం దాకా పట్టేది. కరెంటు లేని పల్లెల్లో సెట్టు బ్యాటరీతో నడిచేది. ఆ బ్యాటరీని వారానికోసారి మోసుకెళ్లి, సైకిల్ షాపులోనో గ్యారేజీలోనో ఇచ్చి ఛార్జింగ్ చేయించుకునేవారు. అందులో ఉండేది యాసిడ్ కాబట్టి తొణక్కుండా తేవడం ఒక పని.

పొద్దున్న 7, 8 గంటలకు హోమ్ సర్వీస్‌లో వార్తలు. ఇంటి మగవాళ్లు పనికి, పిల్లలు బడికి వెళ్లాక, 9 దాటగానే లైట్ ప్రోగ్రామ్‌లో ‘హౌస్‌వైవ్స్ ఛాయిస్’ మొదలయ్యేది. గృహిణులు కార్డు ముక్క రాసి కోరిన పాటలు వేసేవారు. గ్రామఫోన్ రికార్డులు ఎన్ని గంటలు వేయవచ్చో రికార్డు కంపెనీలతో, వాద్యకారుల సంఘంతో ఒప్పందాలు ఉండేవి. ఆ గంటలు తక్కువ కావడం వల్ల రోజంతా వినబడే సంగీతంలో ఎక్కువ భాగం వాద్యబృందాలు స్వయంగా వచ్చి వాయించినదే.

పదిన్నరకు ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’. 1940లో ఆయుధ కర్మాగారాల కోసం పెట్టిన ఈ అరగంట యుద్ధం అయ్యాక కూడా ఆగలేదు. యంత్రాల మోతలోనూ వినపడేలా, పని వేగం తగ్గకుండా, ఒకే ఊపులో ఆపకుండా వాయించాలి. నిద్ర తెప్పించే నెమ్మది పాటలు కూడదు. ‘డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సస్’ పాటను ఈ కార్యక్రమంలో నిషేధించారు. అందులో వచ్చే చప్పట్లకు బదులు కార్మికులు చేతిలోని పనిముట్లతో బల్లల మీద బాదడమే కారణం. మధ్యాహ్నం భోజనం వేళ ‘వర్కర్స్ ప్లేటైమ్’ బృందం ఏదో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌కే వెళ్లి పాటలు, హాస్యం వినిపించేది.

1950 నుంచి 1.45కు పసిపిల్లలకు కథలు, పాటలతో ‘లిజన్ విత్ మదర్’ వచ్చేది. పదిహేను నిమిషాల్లో అది ముగిసేది. పిల్లవాణ్ణి పడుకోబెట్టిన తల్లి కోసం 2 గంటలకు ‘ఉమెన్స్ అవర్’ సిద్ధంగా ఉండేది. 1946 అక్టోబర్ 7న మొదలైన ఈ మహిళల కార్యక్రమానికి తొలి వ్యాఖ్యాత ఆలన్ ఐవిమీ అనే పురుషుడు. సాయంత్రం 4 గంటలకు, 1948లో మొదలైన ‘మిసెస్ డేల్స్ డైరీ’. లండన్ శివారులోని ఒక డాక్టర్ భార్య ఇంటి ముచ్చట్లే అందులో కథ. అప్పుడు వినలేకపోయినవారు మర్నాడు ఉదయం 11కు వినేవారు. 5 గంటలకు హోమ్ సర్వీస్‌లో పిల్లల కార్యక్రమం. ఇలా వేళకో శ్రోతను ఎంచుకునే పద్ధతి ఆకాశవాణి విన్నవారికి కొత్త కాదు. 1935లో భారత ప్రసార విభాగం పగ్గాలు చేపట్టిన లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ నుంచి వచ్చినవాడే.

ఆరు గంటల వార్తల తర్వాత, 6.45కు ‘డిక్ బార్టన్’. ఈ గూఢచారి ధారావాహిక కోసం ఆడుకునే పిల్లలు వీధులు ఖాళీ చేసి ఇళ్లలోకి పరుగెత్తేవారు. ఒక దశలో దీన్ని కోటిన్నర మంది విన్నారు. పిల్లలు చెడిపోతారన్న విమర్శలు రావడంతో కథానాయకుడికి కట్టుబాట్లు రాశారు: బూతులాడకూడదు, వేరే దారి లేనప్పుడే చెయ్యి చేసుకోవాలి. 1951లో ఆ వేళను ‘ది ఆర్చర్స్’కు ఇచ్చేశారు. తిండి సరుకులకు ఇంకా రేషన్ నడుస్తున్న రోజులవి. ఆంబ్రిడ్జ్ అనే కల్పిత పల్లెలోని ఒక రైతు కుటుంబం కథ చెబుతూనే రైతులకు సాగు మెలకువలు అందించాలన్నది నిర్మాత గాడ్‌ఫ్రే బేస్లీ ఉద్దేశం.

రాత్రి తీరిక కుటుంబమంతటిదీ. గురువారం టామీ హాండ్లీ హాస్య కార్యక్రమం ‘ఇట్మా’. 1949 జనవరిలో ఆయన చనిపోవడంతో అదీ ఆగిపోయింది. 9 గంటలకు బిగ్ బెన్ గంటలు, వాటి వెంట వార్తలు. థర్డ్ ప్రోగ్రామ్ సాయంత్రం 6కు మొదలై అర్ధరాత్రి దాకా సాగేది. 1947 ఫిబ్రవరిలో బొగ్గు కొరత వచ్చినప్పుడు దాన్ని కొన్నాళ్లు ఆపేశారు. డిలన్ థామస్ నాటకం ‘అండర్ మిల్క్ వుడ్’ 1954లో తొలిసారి ప్రసారమైంది ఈ స్టేషన్ నుంచే. గొప్ప పేరొచ్చినా వినేవాళ్లు మాత్రం ఎప్పుడూ తక్కువే. ఆ వేళ రేడియో ముల్లును, ప్రకటనలతో పాటలు వేసే విదేశీ స్టేషన్ రేడియో లక్సెంబర్గ్ వైపు తిప్పే కుర్రకారు అంతకంతకూ పెరిగారు.

హేలీ కోరినట్టు శ్రోతలు మెట్లెక్కలేదు. ఎవరికి నచ్చిన మెట్టు మీద వాళ్లు కూర్చున్నారు. ఫలించింది ఆ పక్కనే జరిగిన మరో పని: ఏ పూట ఎవరు ఇంట్లో ఉంటారో, వాళ్ల చేతులు ఏ పనిలో ఉంటాయో చూసి కార్యక్రమం పెట్టడం. 1967లో ఆ మూడు స్టేషన్ల పేర్లూ పోయి అంకెలు వచ్చాయి. ‘ఉమెన్స్ అవర్’, ‘ది ఆర్చర్స్’ మాత్రం రేడియో 4లో నేటికీ వస్తున్నాయి.