కొలిమి దగ్గర

సెలవులిస్తే చాలు, మా ఊరి కమ్మరి బాబాయి కొలిమి దగ్గర చేరతాను. "బీయస్సీ చదివేవాడికి సమ్మెట దేనికిరా?" అని నాన్న గొణుగుతూనే ఉంటాడు.

లారీ కమానుపట్టీని కాల్చి, సాగగొట్టి కొడవలి చేయడం ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది. "పండుమిరప రంగు రాగానే అంచు ముంచు. ఎండలో ఆ రంగు కనపడదబ్బాయ్, అందుకే కొలిమి నీడన పెట్టేది" అన్నాడు బాబాయి. ఇంచుమించు ఆ రంగు దగ్గరే ఇనుము అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. 770 డిగ్రీలని మా పుస్తకం. చేసి చూపిస్తే, "పర్లేదే, మీ పుస్తకానికీ కళ్ళున్నాయి" అన్నాడు!

అలా ముంచిన అంచు గాజులా పెళుసు. సన్నని సెగన తేనెరంగు తిరిగేదాకా మళ్ళీ కాచాలి. ఇది పక్కూరి ముసలి కమ్మరి నేర్పాడు.

బాబాయి కొడుకు పట్నంలో వెల్డింగు చేస్తున్నాడు. ట్రాక్టర్లొచ్చాక నాగలి కర్రుల పని లేదు; కొలిమి వారానికి రెండ్రోజులే రాజుకుంటుంది. మొన్న నాన్నే పాత కొడవలి పట్టుకొచ్చి, కక్కు పెట్టమని నా ముందు పడేశాడు.