అక్క వెనక ఒకరుండాలి

మా వాడ అక్క ఫ్యామిలీ కోర్టులో మనోవర్తి కోసం తనే కొట్లాడుతోంది. అవతల ఆయనకి లాయరున్నాడు. ఈమెకి కూలి పోగొట్టుకున్న రోజులు మాత్రమే ఉన్నాయి.

నేను లాయర్ని కాదు. ఆమె తరఫున వాదించే హక్కు నాకు లేదు. పిల్లల ఫీజు రసీదులు తేదీలవారీగా సర్దుతా. అడగాల్సినవి కాగితం మీద రాసిస్తా. ఎవరైనా రహస్య విచారణ కోరితే బయట వరండాలో కూర్చుంటా. వాయిదా తేదీ రాసిపెడతా. అంతే.

కానీ ఇది తెలుసుకోండి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 13 ప్రకారం అక్కడ లాయరు ఎవరికీ హక్కు కాదు. కోర్టు అవసరమనుకుంటే తనకి సాయంగా అమికస్ క్యూరీని పిలుస్తుంది. 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లూ, ఎస్సీ, ఎస్టీలూ ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. వాళ్లకి ఆదాయ పరిమితి లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. పారా లీగల్ వాలంటీర్లుంటారు.

ఇన్ని వాయిదాల్లో ఈ ముక్క అక్కకి ఒక్కరూ చెప్పలేదు. మొన్న దరఖాస్తు పెట్టించాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చదువులోంచి నెలకో పూట ఇలాంటి అక్కకివ్వండి. లాయరొచ్చినా సరే, ఆ మెట్లు ఆమె ఒంటరిగా ఎక్కకూడదు.

జై భీమ్.