చుక్క వేస్తే పొంగే నేల

జాజాన్‌లో విమానం దిగి సామాను కోసం నిలబడ్డప్పుడు అలవాటు కొద్దీ ఫోన్‌లో అక్షాంశం చూసుకున్నాను. 16.9. మా నిడదవోలుదీ కాస్త అటూ ఇటూగా అంతే. మా పెరటి గోడ దగ్గర బయలుదేరి, తల పక్కకు తిప్పకుండా పడమటికి పోతే బీజాపూరు, రత్నగిరి, సముద్రం, ఒమన్‌లో సలాలా, యెమెన్, ఆ తర్వాత ఇదిగో ఈ విమానాశ్రయం. సౌదీ అనగానే మనవాళ్ళకు ఇసుకే గుర్తొస్తుంది గానీ, కర్కటరేఖ ఆ దేశాన్ని రియాద్‌కు కొంచెం దక్షిణంగా కోసుకుంటూ పోతుంది. దాని కిందిదంతా లెక్కప్రకారం ఉష్ణమండలమే.

వచ్చిన పని చిన్నదే. ఎర్రసముద్రం ఒడ్డు నుంచి సరావత్ కొండల శిఖరం దాకా ఒక గీత గీసుకుని, ఆ గీత వెంట గోతులు తవ్వడం, పొరలు రాసుకోవడం, మట్టి సంచుల్లోకి ఎత్తుకోవడం. 1980లలో ఇక్కడి వ్యవసాయ, జల మంత్రిత్వ శాఖ దేశమంతటికీ నేలల పటం ఒకటి వేసింది. కొలత 1:2,50,000. అంటే పటం మీద ఒక చదరపు సెంటీమీటరు నేల మీద 625 హెక్టార్లు, మన లెక్కలో పదిహేను వందల ఎకరాల పైమాటే. సేద్యానికి పనికొచ్చే భూమి ఎక్కడుందో చూసుకోవడానికి అది చాలు. ఏ చెట్టు ఎక్కడ ఎందుకు బతుకుతోందో, మట్టిలో ఏ పురుగు, ఏ బూజు కాపురముంటోందో వెతికే పరిశోధకులకు మాత్రం చాలదు. ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ వాళ్ళు 250 మీటర్ల గడులతో భూగోళం మొత్తానికీ కంప్యూటరు అంచనాలు ఇస్తున్నారు. అంచనా కట్టడానికైనా ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట గడ్డపార పట్టాలిగా!

మా బండి నడిపినతను జగిత్యాల జిల్లావాడు. పద్నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, అరబ్బీ మనకు తెలుగు వచ్చినంత ధారాళంగా మాట్లాడతాడు. నేను మట్టి సారునని తెలిసిన పావుగంటకే అసలు సంగతి బయటపెట్టాడు.

"సారూ, మూడేండ్ల సంది గోంగూర ఏస్తున్న. ఇత్తనం మంచిదే, మా అమ్మ పంపింది. మొలుస్తది, నాలుగాకులేస్తది, పచ్చగై ఎండిపోతది."

"ఏ మట్టిలో వేస్తున్నావు తమ్ముడూ?"

"క్యాంపు ఎనుక ఇసుకల. పెయింటు డబ్బాలల్ల. ఎరువు గూడ ఏసిన సారూ."

జవాబు చెప్పకుండా సంచిలోంచి చిన్న సీసా తీసి చూపించాను. నీళ్ళు కలిపి పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మట్టిలో సున్నం ఉంటే చుక్క పడగానే బుసబుసా పొంగుతుంది. సాయంత్రం క్యాంపు వెనక ఆ ఇసుక మీద ఒక చుక్క వేశాను. సోడాకాయ కొట్టినట్టు పొంగింది. ఇనుము ఆ ఇసుకలో లేకపోలేదు. సున్నం దాన్ని పట్టి ఉంచుతుంది, వేరుకు అందనివ్వదు. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, ఈనెల మధ్య ఆకు పసుపుబారుతుంది. సుద్ద నేలలో వేరుశనగకు పట్టే తెగులే ఇదీ. అప్పటి నుంచి నా సీసా అతని చేతిలోనే ఉంది. ఎక్కడ దిగినా ముందు అతనే చుక్క వేసేవాడు.

మొదటి గొయ్యి సబ్ఖాలో. సబ్ఖా అంటే సముద్రపు ఒడ్డున ఉప్పు పేరుకున్న చదును నేల. మన చౌడుకు పెదనాన్న అనుకోవాలి. పైకి గట్టిగా, తెల్లగా, బల్లపరుపుగా కనిపిస్తుంది. దాని మీద బండి పోనిమ్మన్నది నేనే. ముప్ఫై ఏళ్ళు నేలను చదివినవాణ్ణి, నలభై అడుగులు కూడా పోకముందే వెనక చక్రాలు అప్పడం విరిగినట్టు పొర విరుచుకుని బురదలోకి దిగిపోయాయి. రెండు గంటలు పలకలు వేసి తీయాల్సి వచ్చింది. జగిత్యాల తమ్ముడు ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ.

గొయ్యి మోకాలి లోతు తవ్వేసరికి నీరు ఊరింది. సబ్ఖా మర్మమంతా అక్కడే. ఉప్పునీరు నేలకు అంత దగ్గరగా ఉంటుంది. దీపపు ఒత్తి నూనెను లాగినట్టు ఎండ దాన్ని పైకి లాగుతుంది, నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. గోతి గోడలో పిడికెడు పెకలిస్తే జిప్సం పలుకులు, పటికబెల్లం ముక్కల్లా, అరచేతిలో మెరిశాయి. జాజాన్ పాత ఊరు ఇంకా విచిత్రం. అది కట్టిందే ఉప్పు గుట్ట మీద. భూమి అడుగు నుంచి పైకి ఉబికి వచ్చిన ఉప్పు అది. ఇళ్ళలో వాడిన నీరు ఇంకి, కింద ఉప్పు కరిగి, గోడలు పగిలి, జనం అక్కణ్ణుంచి కదలాల్సి వచ్చింది. పునాది కరిగిపోయే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో గానీ, నేను చూడలేదు.

ఊళ్ళో సాయంత్రం బజారుకు పోతే నాకు నోట మాట రాలేదు. మల్లెపూలు! దండలు గుచ్చి అమ్ముతున్నారు. ఇక్కడ 'ఫుల్' అంటారు. ఆడవాళ్ళే కాదు, కొండప్రాంతపు మగవాళ్ళూ పూలు తలకు చుట్టుకుంటారు. మామిడి తోటలు సరేసరి.

ఆ మామిడికీ జొన్నకూ అన్నం పెట్టే నేలను మర్నాడు సబ్యా దగ్గర చూశాం. కొండల్లో వాన పడితే వాదీలు, అంటే వానకే పారే వాగులు, పొంగి ఒక్కసారిగా కిందికి దూకుతాయి. దాన్ని 'సైల్' అంటారు. పొలాలకు మట్టికట్టలు వేసి ఆ వరదను లోపలికి మళ్ళించి నిలబెడతారు. నీరు ఇంకిపోతుంది, ఒండ్రు మిగిలిపోతుంది. ఒక ముసలి రైతు తన జొన్న చేను గట్టు పక్కన తవ్వుకోమన్నాడు. గొయ్యి నడుం లోతుకు వచ్చాక కత్తితో గోడను నున్నగా చెక్కి, నీళ్ళు చిలకరించి చూస్తే, మా ఆత్రేయపురం పూతరేకులే. సన్న ఒండ్రు పొర, దాని మీద మెత్తటి ఇసుక పొర, మళ్ళీ ఒండ్రు. కొన్ని గోరు మందం, కొన్ని కాగితం మందం. ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టి మానేశాను. ఒక్కో జత ఒక్కో వరద. రైతు గోతిలోకి దిగి, ఒక మందపాటి పొర మీద వేలు పెట్టి ఏదో చెప్పాడు. "గా యేడు ఆయన పెద్దకొడుకు పుట్టిండంట సారూ, ఇల్లు మునిగిందంట" అని తమ్ముడు తర్జుమా చేశాడు. అది నిజమో కాదో తేల్చే పరికరం నా దగ్గర లేదు. నోట్సులో మాత్రం రాసుకున్నాను.

పై పొరలు మరీ పలచగా ఉన్నాయి. 1970ల మొదట్లో వాదీ జాజాన్ మీద ఆనకట్ట కట్టారు, తర్వాత మిగతా వాదీల మీదా లేచాయి. వరద అదుపులోకి వచ్చింది, పొలానికి రావలసిన ఒండ్రు జలాశయం అడుగున కూర్చుంది. గోదావరి మనుషులకు ఈ కథ కొత్త కాదు.

తమ్ముడు చుక్క వేశాడు. పొంగింది గానీ క్యాంపు ఇసుకంత కాదు. బుడగలు వచ్చి ఆగిపోయాయి. "గిది నడుస్తదా సారూ?" అన్నాడు. చూద్దామన్నాను.

అక్కణ్ణుంచి కొండల వైపు తిరిగాం. దర్బ్ ఊరు దాటాక దిలా ఘాటు రోడ్డు. సొరంగాలు, వంపులు, దారి గోడల మీద వరసగా కూర్చుని కార్లలోకి చూసే కోతులు. కింద చొక్కా తడిసిన ఉక్క, రెండు గంటల్లో అబహా చేరేసరికి స్వెట్టరు. సముద్రమట్టానికి 2,200 మీటర్లు. తూర్పు ఆఫ్రికాలో జెఫ్రీ మిల్న్ అనే ఆయన 1930లలో కొండ వాలు మీద పై నుంచి కిందికి మారే నేలల వరసకు 'కాటెనా' అని పేరు పెట్టాడు, గొలుసు అని అర్థం. ఇక్కడ ఆ గొలుసు ఒక పగటి ప్రయాణంలో కళ్ళ ముందు కదిలిపోతుంది.

ఆ కొండవాలుల మీద నన్ను ఆపింది మాత్రం ప్రకృతి చేసిన నేల కాదు. అటు చూసినా ఇటు చూసినా మెట్టు పొలాలే. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడ, దాని వెనక నాలుగైదు అడుగుల మట్టి, ఆ పైన ఇంకో గోడ. ఆ మట్టి అక్కడ పుట్టింది కాదు. వానకు జారినది, గాలి తెచ్చి వదిలిన ధూళి, పశువుల ఎరువు, వీపు మీద మోసుకొచ్చిన గంపలు. తరాల తరబడి ఆపి నిలబెట్టిన నేల. చమురు వచ్చాక కుర్రకారు పట్నాలకు దిగిపోయారు. ఒకచోట గోడ కడుపు పగిలి ఉంది. మట్టి నాలుక చాచినట్టు కింది మెట్టు మీదికి జారి, ఆ కింది గోడనూ తోసింది. వాన ఒక్కసారి గట్టిగా పడితే చాలు, మొత్తం వాదీలోకి పోతుంది. పదిహేను వందల ఎకరాల గడిలో ఈ మెట్లకు చోటెక్కడిది? పటం వాటిని 'రాతి వాలు' అనేస్తుంది. అవి కూలిపోయినా పటానికి తెలియదు. నన్నడిగితే ఈ దేశంలో ముందుగా కొలవాల్సింది ఎడారి కాదు, ఈ గోడల వెనక మిగిలిన మట్టి. 2024 డిసెంబరులో రియాద్‌లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఎడారీకరణ సదస్సు జరిగింది, ప్రపంచ నేల దినోత్సవం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. ప్రసంగాలు చదివాను. గోడలు కట్టేవాళ్ళ మాట ఇంకాస్త ఉంటే బాగుండేది.

అబహాకు ఆగ్నేయంగా సరాత్ అబీదా వైపు ఒక పూట వెళ్ళాం. అక్కడ కొండల నెత్తి మీద నల్లరాయి, అగ్నిపర్వతం కక్కిన బసాల్టు. వయసు రెండున్నర, మూడు కోట్ల ఏళ్ళు. దాని కింద ఎర్రటి పట్టీ. తమ్ముడు బండి ఆపక ముందే కేకేశాడు: "సారూ, గిది మా జగిత్యాల చెలక!"

మరీ అది కాదు గానీ, చుట్టమే. లేటరైట్. వెచ్చటి వానల కింద లక్షల ఏళ్ళు నాని, కొట్టుకుపోగలిగినదంతా కొట్టుకుపోయి, ఇనుము తుప్పు మిగిలిన నేల. ఫ్రాన్సిస్ బుకానన్ మలబారులో ఇటుకల్లా కోసే ఎర్రరాయిని చూసి ఆ పేరు పెట్టింది కూడా 1807లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలోనే. అరేబియాలో ఒకప్పుడు అలాంటి వానలు కురిశాయనడానికి ఈ పట్టీ సాక్షి. లావా వచ్చి మూత పెట్టింది గనక మిగిలింది. అరచేతిలో నలిపి, తడిపి, మట్టి రంగు పోల్చే పుస్తకంలో చిల్లుల వెనక పెట్టి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణకు చదువుకునే రోజుల్లో వెళ్ళినప్పుడు ఎర్రనేల, నల్లరేగడి పక్కపక్కన చూపించారు. ఇక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోబోయాయి, కాకపోతే పైది ఇంకా రేగడి కాలేదు. మన దక్కను రాయిని రేగడిగా మార్చింది కాలమొక్కటే కాదు, నైరుతి వానలు కూడా. మదీనా పక్కన 1256లో పారిన లావాను ఇంతకుముందోసారి చూశాను. నిన్న చల్లారినట్టుంది, గడ్డిపరక లేదు.

ఆఖరి గొయ్యి సౌదా కొండ మీద, దాదాపు 3,000 మీటర్ల ఎత్తున, జునిపర్ చెట్ల కింద. పొగమంచు కిందినుంచి పైకి ఎక్కి వస్తోంది. రాలిన ఆకు పక్కకు తీస్తే జానెడు మందాన ముదురు గోధుమరంగు మట్టి, పిట్టులా పొడిపొడిలాడుతోంది, వానపాము తవ్విన దారులు కూడా కనిపించాయి. తమ్ముడు చుక్క వేశాడు. చప్పుడు లేదు. ఇంకో చుక్క వేశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"పొంగుతలేదు సారూ. గిదే. గిదే గావాలె నాకు."

"అది అడవి మట్టి తమ్ముడూ. మనకు అనుమతి రెండు కిలోలకే, అదీ ప్రయోగశాలకు. సంచి నింపుకుని పోతే ఆ చెట్టు ఏం తింటుంది?"

తలూపి సీసాకు మూత పెట్టాడు. తిరుగు దారిలో ఘాటు దిగేదాకా పెద్దగా మాట్లాడలేదు.

వాదీ బైష్ దగ్గర నేను చెప్పకుండానే బండి పక్కకు తీశాడు. వెనక నుంచి ఖాళీ బాస్మతి సంచి, నా పార తీసుకుని దిగాడు. వరద వదిలేసి పోయిన మెత్తటి ఒండ్రు నింపాడు. మూతి కట్టేముందు జేబులోంచి సీసా తీసి ఒక చుక్క వేసి, నా వైపు చూశాడు.

"కొంచెం పొంగుతోంది" అన్నాను.

"కొంచెమే గద సారూ," అని సంచి భుజాన వేసుకున్నాడు.