ఖాల్తీ ధర చెప్పదు

2024 నవంబరు 3, ఆదివారం, అమ్మాన్

పై అంతస్తు ఖాల్తీ (ఇక్కడ పిన్నిని అలా పిలుస్తారు) ఇవాళ పెట్టె తెరిచి వాళ్లమ్మ శాలువా చూపించింది. తెల్లటి నారబట్ట, కొసలనిండా ఎర్రదారం. రామల్లా వైపు పల్లెల్లో ఆడవాళ్లు తలమీద వేసుకునే ఖిర్కా అది. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో జోర్డాన్ నది దాటేటప్పుడు మూటలో వచ్చిందట. అప్పటికి ఖాల్తీ చిన్నపిల్ల.

బట్టమీద ముగ్గు గీసుకోరు. పోగులు లెక్కపెట్టుకుంటూ క్రాస్ స్టిచ్ వేసుకుపోవడమే. పాలస్తీనా వాళ్ల తత్రీజ్ అంటే ఇదే. సైప్రస్ చెట్టు, బెత్లెహేము చంద్రుడు, పాషా గుడారం... ఖాల్తీ వేలుపెట్టి పేర్లు చెబుతుంటే నేను తప్పుగా పలికి నవ్వించాను. కుట్టు చూసి కట్టుకున్నామె ఏ ఊరిదో చెప్పేవాళ్లట పూర్వం.

నవంబరు 8, శుక్రవారం

ఖాల్తీ ఆర్డరుకు కుట్టే శాలువాలు నల్లటి ఉన్నివి. వాటి పోగులు లెక్కకు అందవు. అందుకని పైన పల్చటి గళ్ల కాన్వాస్ టాకాలేసి, రెంటినీ కలిపి కుడతారు. కుట్టయ్యాక కాన్వాస్ పోగుల్ని ఒక్కొక్కటే లాగేయాలి. ఆ పని నాకిచ్చింది. గట్టిగా లాగితే కుట్టు ముడుచుకుపోతుంది, మెల్లగా లాగితే పోగు మధ్యలో తెగుతుంది. మధ్యాహ్నమంతా అదే. చివరిపోగు వచ్చేసరికి అంతసేపూ గళ్లలో ఇరుక్కున్న ఎర్రచెట్లు బట్టకు అతుక్కుని కూర్చున్నాయి. ఇంత తృప్తినిచ్చే పని ఈ మధ్య చెయ్యలేదు.

టీవీలో గాజా. ఖాల్తీ శబ్దం తీసేసింది గానీ కట్టెయ్యలేదు.

నవంబరు 22, శుక్రవారం

బజారులో ఇవే శాలువాలు గుట్టలుగా ఉన్నాయి. "చేతికుట్టే" అన్నాడు కొట్టతను. తిరగేస్తే వెనకంతా మిషను తెల్లదారం. బేరమాడకుండా వచ్చేశాను.

డిసెంబరు 6, శుక్రవారం

యునెస్కో ఈ కళను 2021లో తన జాబితాలో చేర్చింది. విదాద్ కవార్ గారు జీవితమంతా సేకరించిన దుస్తులు ఈ ఊళ్లోనే తిరాజ్ మ్యూజియంలో అద్దాల వెనక చూశాను. 1987 తర్వాత, పాలస్తీనా జెండా పట్టుకుంటే ఇజ్రాయెల్ సైనికులు పట్టుకుపోయే రోజుల్లో ఆడవాళ్లు దాని రంగుల్ని గౌనుమీద కుట్టుకుని తిరిగారు. గౌరవానికి లోటేం లేదు. కూలి దగ్గరికొచ్చేసరికే "ఇంట్లో కూర్చునేగా కుట్టేది" అంటుంది శాలువాలు పట్టుకుపోయే మనిషి.

ఈ మాట నేను నరసాపురంలో విన్నదే. మా అమ్మమ్మ వంట దించి, లేసు సూది పట్టుకుంటే దీపాలవేళ దాకా వదిలేది కాదు. అయినా అది "ఖాళీగా ఉన్నప్పటి అల్లిక". మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ మా లేసుపనివాళ్లమీద 1982లో పుస్తకమే వేసింది, పనిచేసే ఆడవాళ్లను ఖాళీగా ఉన్న గృహిణులుగా లెక్కగట్టడం గురించి. ఖాల్తీకి చెబితే, "మీ దగ్గరా ముక్కకింతనేనా?" అని అడిగింది.

ధర ఎంతడుగుతావంటే మాత్రం తల అడ్డంగా ఊపుతుంది. కొనేవాళ్లే చెబుతారట. నాకు ఒళ్లు మండింది. ఖాల్తీ కూతురు వచ్చి, కుట్టిన గంటలు రాసిపెట్టమని నోటుబుక్కు ఇచ్చి వెళ్లింది. ఖాల్తీకి సూది వదిలి పెన్ను పట్టడం విసుగు, కాబట్టి నేనే రాస్తున్నాను. కాన్వాస్ లాగిన గంటలూ కలిపాను. రేపు ఆ మనిషి వస్తుందట. నేనూ కూర్చుంటానన్నాను. ఖాల్తీ వద్దనలేదు.