గోడమీది కన్ను

పూర్వం వస్తువు కొనాలంటే మనవాళ్లకు చెయ్యే పరీక్షాధికారి, చెవే సాక్షి. కుండను వేలితో కొట్టి చూసేవారు. కంచుగిన్నె మోత విని బేరం మొదలుపెట్టేవారు. చీరె అంచు రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది నాలుగు ఉతుకులకు ఆగదు" అని తేల్చేసేవారు. కొట్టువాడు యెంత పొగిడినా ఆ తీర్పుకి అప్పీలు లేదు. ఇవాళ మన ఇళ్లలోకి వస్తున్న సామాన్లకు ఈ పరీక్షలేవీ పనికిరావు. పైకి అద్దంలా నున్నగా వుంటాయి. లోపల యేముందో చూద్దామంటే ఒక్క మరైనా కనిపించదు. పోనీ, మనం దాని లోపల చూడలేకపోతే పోయె. అది మన లోపలికి చూడటం మొదలుపెట్టింది. అక్కడ వచ్చింది చిక్కు.

నేను ముప్పై యెనిమిదేళ్లు తపాలా ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. కార్డుకీ కవరుకీ వున్న తేడా నాకు తెలిసినంత బాగా ఇంకొకటి తెలియదు. ఊరందరూ చదివినా ఫరవాలేదనుకున్నవాడు కార్డు రాసేవాడు. కూతురి కాపురంలో కలతలొస్తే అదే మనిషి ఇన్‌లాండు కవరు కొని, అంచులకు జిగురు అద్ది, మూడుసార్లు వొత్తి మరీ డబ్బాలో వేసేవాడు. ఆ జిగురు విప్పే హక్కు మాకు లేదు. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ప్రకారం, విధికి విరుద్ధంగా ఉత్తరం విప్పిన ఉద్యోగికి జైలుశిక్ష వుండేది. ప్రభుత్వానికి ఉత్తరాలు ఆపి చూసే అధికారం వుండేది, నిజమే. కాని అందుకు రాతపూర్వకంగా ఉత్తరువు కావాలి.

రేడియో సంగతీ అంతే. ఆ రోజుల్లో రేడియో వున్నవాళ్లు పోస్టాఫీసుకి వచ్చి లైసెన్సు రుసుం కట్టేవారు. ఫలానావారింట రేడియో వుందని సర్కారుకి తెలిసేది, అంతవరకే. వారు విజయవాడ కేంద్రం పెట్టుకుని భక్తిరంజని వింటున్నారో, సిలోను పెట్టుకుని సినిమా పాటలు వింటున్నారో, ఆ పెట్టె యెవరికీ చెప్పేది కాదు. రేడియో చెప్పేదేగాని వినేది కాదు.

ఇప్పటి టెలివిజన్లకు ఆ మర్యాద లేదు. అమెరికాలో విజియో అనే కంపెనీ అమ్మిన సెట్లు, తెరమీద ఆడుతున్నది యేమిటో సెకను సెకనుకీ గుర్తుపట్టి కంపెనీకి పంపుతున్నాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. కోటీ పది లక్షల సెట్ల తాలూకు వ్యవహారమది. 2017లో కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. ఇంట్లోవాళ్లు టీవీ చూస్తున్నామనుకున్నారు. టీవీయే వాళ్లను చూసింది.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకునేవాణ్ణే, మా ఇంట్లోకి కెమెరా రాకపోతే.

మా అమ్మకు తొంభై ఒకటో యేడు. రెండేళ్ల కిందట వానాకాలంలో నడవాలో జారిపడింది. యెముక విరగలేదుగాని, డల్లాసులో వున్న మా అబ్బాయికి ఆ రోజునుంచీ నిద్రపట్టలేదు. వారం తిరక్కుండా పార్సెలు వచ్చింది. కోడిగుడ్డంత తెల్లటి కెమెరా. మధ్యగదిలో, అమ్మ మంచానికి యెదురుగా గోడకి బిగించాం. మర్నాడు మధ్యాహ్నం గోడ మాట్లాడింది:

"మామ్మా! మందు వేసుకున్నావా?"

అమ్మ ఉలిక్కిపడి, ఆ తర్వాత నవ్వి, వేసుకున్నానురా అంది. మొదటి వారం వేడుకగానే వుంది. పోను పోను ఒక సంగతి మా ఆవిడ కనిపెట్టింది. మే నెల యెండల్లో కూడా అత్తగారు మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకుంటోంది. తలంటు పోసుకుంటే జుట్టు ఆరబెట్టుకోవడానికి వంటింటి గుమ్మంలోకి పోతోంది. పక్కింటి పెద్దావిడ వస్తే ఇద్దరూ పెరట్లోకి నడుస్తున్నారు.

"ఏమిటత్తయ్యగారూ, గదిలో గాలి ఆడటం లేదా?" అని అడిగింది.

"గాలి ఆడుతూనే వుందమ్మా. నేనే ఆడలేకపోతున్నాను," అంది అమ్మ.

నేను కల్పించుకుని, చూసేది నీ మనవడేగా అన్నాను.

"వాడు చూస్తే నాకేం సిగ్గురా? వాడికి నేను నీళ్లుపోశాను. వాడి వెనకాల ఇంకెవడున్నాడో అది చెప్పు."

తొంభైయేళ్ల మనిషి అడిగిన ప్రశ్నకు జవాబు తెలుసుకుందామని కంపెనీవారికి ఫోను చేశాను. బొమ్మలన్నీ క్లౌడ్‌లో వుంటాయంది ఆ అమ్మాయి. ఆ మబ్బు యే ఊళ్లో వుందమ్మా, దాన్ని యెవరెవరు చూడవచ్చు అని అడిగాను. పాపం, మర్యాదగానే మాట్లాడింది. ఆమె ముందున్న కాగితంలో దానికి సమాధానం లేదు.

ఈ అనుమానం వట్టి ఛాదస్తం కాదు. అమెరికాలో రింగ్ అనే కెమెరాల కంపెనీ మీద 2023లో ఇదే విషయమై అభియోగం వచ్చింది. ఖాతాదారుల ఇళ్ల వీడియోలు ఉద్యోగులు, కాంట్రాక్టు పనివారు చూడగలిగేలా వుంచారనీ, ఒక ఉద్యోగి ఆడవాళ్ల పడకగదుల దృశ్యాలు వేలకొద్దీ చూశాడనీ కమిషన్ చెప్పింది. 58 లక్షల డాలర్లతో అదీ రాజీ అయింది. మా తపాలా శాఖలోనూ దొంగలుండేవారు, కాదనను. కాని దొంగ ఒక కవరు విప్పితే చిరుగు కనిపించేది. ఇక్కడ చిరుగు కూడా కనిపించదు.

అబ్బాయితో ఈ మాటే అన్నాను. "నిబంధనలు వచ్చాయి నాన్నగారూ, అంగీకరిస్తున్నానని నొక్కాను," అన్నాడు.

"మంచం నాది. నన్నడిగి నొక్కాడా?" అంది అమ్మ.

2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఆంతరంగిక జీవితం మనిషి ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టులో జడ్జిగా పనిచేసి రిటైరైనవారు. యెనభై దాటిన వయస్సులో కోర్టుకెక్కారు. 2023లో పార్లమెంటు వ్యక్తుల సమాచార రక్షణకు చట్టం చేసింది. సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలోగాని చదువుకునే వీలుండాలని అందులో రాశారు. ఆ షెడ్యూలులో మన తెలుగు వుంది. అమ్మకు తెలుగు అద్దాల్లేకుండా చదవడం వచ్చు.

ఇంతలో పద్నాలుగో నెలలో కెమెరా దానంతటదే కన్నుమూసింది. గ్యారంటీ పన్నెండు నెలలు. ఏలూరు రోడ్డులో బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళితే అటూ ఇటూ తిప్పి, "మాస్టారూ, దీనికి మరల్లేవండి. అతికించేశారు. విప్పితే మళ్లీ మూతపడదు," అన్నాడు. మా నాన్నగారి వాల్వు రేడియోకి వెనక అట్ట విప్పితే లోపలి సరంజామా అంతా కనిపించేది. ముప్పైయేళ్లు అలా విప్పుతూ బిగిస్తూ బతికింది. ఉత్తరానికి జిగురు పూసేది పరాయివాడు చూడకుండా. దీనికి పూసింది సొంతదారు చూడకుండా.

వస్తువు తొందరగా పోవాలనే చేసే అలవాటు కొత్తది కాదు. 1924లో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో కూడి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టుబాటు చేసుకున్నాయి. మించి వెలిగే బల్బులు చేసిన సభ్యుడికి జరిమానా! కాలిఫోర్నియాలో లివర్‌మోర్ అనే ఊరి అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి ఒక బల్బు వెలుగుతూ వస్తోంది. అది ఆ కట్టుబాటుకి ముందు పుట్టింది, అదృష్టవంతురాలు.

అబ్బాయి మరొక కెమెరా పంపిస్తానన్నాడు. అమ్మ ఫోను అందుకుంది.

"నాయనా, నేను పడితే చూసేవాడు కాదురా, లేపేవాడు కావాలి."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఆదివారం యెలక్ట్రీషియను వచ్చి, అమ్మ తలగడ పక్కన ఒక మీట, మా గదిలో ఒక గంట, పక్కింటి వంటింట్లో ఒక గంట పెట్టి వెళ్లాడు. తీగతో సహా తొమ్మిదివందలైంది. వీధి గుమ్మానికి మాత్రం కెమెరా వుండాలని అబ్బాయి పట్టుబట్టాడు. బొమ్మలు ఇంట్లోని కార్డులోనే నిలిచే రకం పెట్టాం. "వచ్చేపోయేవాణ్ణి చూసుకోనీ," అని అమ్మ ఒప్పుకుంది. వాడు రోజూ సాయంత్రం ఫోను చేస్తాడు. మందు వేసుకున్నావా అని ఇప్పటికీ అడుగుతాడు. దుప్పటి మళ్లీ శీతాకాలానికే బయటికి వస్తోంది.

మొన్న కొత్త టీవీ కోసం దుకాణానికి వెళ్లి మూడు ప్రశ్నలు అడిగాను. ఇది చెడిపోతే విప్పి బాగుచేయవచ్చా? ఇంటర్నెట్టు కలపకపోయినా పనిచేస్తుందా? మేం చూసేది యెవరికైనా పంపుతుందా, పంపకుండా ఆపే మీట యెక్కడ? అమ్మే కుర్రాడు యజమానిని పిలిచాడు. యజమాని మరెవరికో ఫోను చేశాడు. వెనక నిలబడ్డ పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు.

ఒక్కడే అడిగితే ఇది ముసలాడి నస. ఆ గడియారం చూసుకున్నాయన, ఆయన వెనకావిడ, మీరు, మీ వియ్యంకులవారు కూడా ధర అడిగిన నోటితోనే ఇవీ అడిగారనుకోండి, వచ్చే పండగకల్లా ఆ యజమాని జవాబులు సిద్ధంగా పెట్టుకు కూర్చుంటాడు.