జడ్, జడ, ఊడ

నంబులపూలకుంట మండలం అనగానే బయటివాళ్లకు సోలార్ పార్కు గుర్తొస్తుంది. 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటు ఇక్కడే మొదలైంది. మా అమ్మీకి మాత్రం ఇది "ఆ పెద్ద ఝాడ్ ఉన్న జాగా". ఎండను కరెంటు చేసే పలకలూ, దాదాపు ఐదెకరాలు నీడ పరిచిన తిమ్మమ్మ మర్రిమానూ ఒకే మండలంలో ఉన్నాయి.

ఉర్దూ స్కూల్లో నేను దాన్ని బర్గద్ అన్నాను. తెలుగు డిగ్రీలో వటవృక్షం అని రాశాను. గూటిబయలులో ఆ మాను కిందికి పోయాక రెండూ చిన్నమాటలైపోయాయి. ఉర్దూలో జడ్ అంటే వేరు. పైనుంచి వేలాడే ఊడల్ని చూస్తే తెలుగు జడే గుర్తొస్తుంది.

1434లో తిమ్మమ్మ తన భర్త బాలవీరయ్య చితిలో సహగమనం చేసిందనీ, ఆ చితి గుంజ చిగురించి ఈ మాను అయిందనీ చెబుతారు. ఆ కథ విన్న ప్రతిసారీ నాకు గుండెలో కలుక్కుమంటుంది. మా పత్రికల బిరాదరీకే చెందిన బెంగళూరు జర్నలిస్టు సత్యనారాయణ అయ్యర్ చొరవతో ఇది లోకానికి తెలిసింది. 1989లో గిన్నిస్‌కెక్కింది. పిల్లలు లేనివాళ్లు వచ్చి మొక్కుకునే చోటు కూడా ఇదే.

మా నిఖా అయి తొమ్మిదేళ్లు గడిచినా ఒడి నిండలేదు. అమ్మీ ఇక్కడికి బయల్దేరదీసింది.

"చెట్టుకు మొక్కితే షిర్క్ కదా అమ్మీ?" అన్నాను.

"చెట్టును అడగడానికి కాదు బేటా, చెట్టును పుట్టించినవాణ్ణి అడగడానికి. అల్లా ఇంత సాయా ఇచ్చినచోట చేతులెత్తితే గునా ఏముంది?"

గుడికి కాస్త ఎడంగా, ఒక ఊడ పక్కన దుప్పటి పరిచి జొహర్ నమాజ్ చదివింది. దుఆలో చాలాసేపు ఉండిపోయింది. అది ముగిసేదాకా ఆగి, పక్కనున్న ఒక అవ్వ అడిగింది: "ఎవురికోసరమమ్మా?"

"మా కోడలికి."

"నేనూ మా బిడ్డ కోసరమే వచ్చినా."

ఇద్దరూ కాసేపు ఏడ్చి, తర్వాత మా డబ్బాలోని పులావ్ పంచుకుని తిన్నారు. నా భార్య మాత్రం ఒక్క ముద్దా తినలేదు. తన బాధ అంతమంది నోళ్లలో పడడం ఆమెకు ఇష్టం లేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

పిల్లలు పుట్టలేదు. అమ్మీ ఆ ఫికర్‌తోనే పోయింది.

పోయిన నెల ఇద్దరమే మళ్లీ వచ్చాం. అడగడానికి కాదు, చూడడానికి. లేత ఊడలు గాలికి ఊగిపోకుండా, చీల్చిన వెదురు బొంగుల్లో మట్టీ ఎరువూ పెట్టి నేలదాకా దించుతున్నారు. నేలను తాకిన ఊడ బలిసి మానవుతుంది, పైనున్న కొమ్మను మోస్తుంది. ఇట్లాంటి ఊడలు వెయ్యికి పైనే ఉన్నాయంటారు. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని పెద్దమర్రికి తెగులు పట్టి 1925లో అసలు మానునే తీసేశారు. అది ఇప్పటికీ ఊడల మీదే బతుకుతోంది.

అమ్మీ దుఆ ఖుబూల్ కాలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. వేరంటే కిందినుంచి పైకి రావాలి, ఖాన్‌దాన్ అంటే నెత్తురుతోనే సాగాలి అన్నది నా లెక్క. ఈ చెట్టు లెక్క వేరు. దీని వేర్లు పైనుంచి దిగుతాయి, ఆలస్యంగా దిగుతాయి, ఎవరో బొంగు కట్టి నిలబెడితే నిలబడతాయి.

ఈ మాట ఆమెతో ఎట్లా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే, ఆమె సీసాలో మిగిలిన నీళ్లను ఒక వెదురు బొంగులో పోసి లేచింది.

"పదండి. అసర్ తర్వాత మొహల్లా పిల్లలు ఖురాన్ చదవడానికి వస్తారు. తాళం చూసి వెనక్కి పోతారు పాపం."