ఆ అరుపు వెనక...

సాయంత్రం ఏడున్నర. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, టాంపా నగరం. పాత ఇటుక భవనం ముందు వరసలో నిలబడి ఉన్నారు మాస్టారు. వయసు 72. తెల్లచొక్కా, మడత నలగని ప్యాంటు, చేతిలో పాస్‌పోర్టు. ఆయన ముందూ వెనకా అందరూ నల్లచొక్కాల వాళ్లే. వాటి మీద పుర్రెలు, ఎముకలు, చెట్టు వేళ్లలా మెలితిరిగిన అక్షరాలు. నలభై ఏళ్లు కోనసీమ పిల్లలకు తెలుగు చెప్పిన పెద్దాయన ఆ అక్షరాలను చదవాలని చూసి ఓడిపోయారు.

‘‘ఇది ఏ భాషరా అబ్బాయ్?’’ అన్నారు పక్కనున్న కొడుకుతో.

‘‘ఇంగ్లిషే నాన్నగారూ. బ్యాండు పేరు. చదవడం రాకపోతేనే గొప్ప.’’

మాస్టారికి నవ్వు రాలేదు. ఆయన అక్కడికి సంగీతం కోసం రాలేదు. భార్య పంపితే వచ్చారు.

మూడు నెలల కోసం కొడుకు దగ్గరికి వచ్చారు ఆ దంపతులు. కొడుక్కి నలభై. మంచి ఉద్యోగం, నెమ్మదస్తుడు. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. కానీ కారెక్కితే చాలు, స్పీకర్లలోంచి ఎవరో గొంతు చించుకుంటున్న అరుపులు! తల్లిదండ్రులు పక్కనుంటే ఆపేసేవాడు. వాళ్లు దిగగానే మళ్లీ మొదలు. ఆ పాటల్ని డెత్ మెటల్ అంటారని కోడలు చెప్పింది. పేరులోనే చావు! మాస్టారి గుండె గతుక్కుమంది.

ఆ శనివారం కచేరీకి రెండు టికెట్లు కొన్నాడు కొడుకు. తీరా చూస్తే కోడలికి రాత్రి డ్యూటీ పడింది. ‘‘ఏవండీ, మీరు వెళ్లండి. వాడి మనసులో ఏముందో ముప్ఫై ఏళ్లుగా మనకి తెలీదు. కనీసం ఏం వింటున్నాడో చూసి రండి’’ అంది భార్య. ముప్ఫై ఏళ్లు అన్న మాట ఆమె కావాలనే అందని మాస్టారికి తెలుసు.

చుట్టల ఊళ్లో చావు సంగీతం

వాళ్లు నిలబడ్డ పేటను ఈబోర్ సిటీ అంటారు. 1880ల్లో విసెంటే మార్టినెజ్ ఈబోర్ అనే వ్యాపారి ఇక్కడ చుట్టల కర్మాగారం పెట్టాడు. క్యూబా, స్పెయిన్, ఇటలీల నుంచి వేలమంది వలస వచ్చి చుట్టలు చుట్టారు. వాళ్లు పనిచేస్తుంటే ఎత్తయిన బల్ల మీద కూర్చుని ఒకాయన పత్రికలూ నవలలూ పైకి చదివి వినిపించేవాడట. ఆ సంగతి విన్నాక మాస్టారికి ఊరు కాస్త నచ్చింది. ఇంకా నచ్చింది... వీధుల్లో దర్జాగా తిరుగుతున్న కోళ్లు! ఎవరివీ కావవి. వాటికి హాని చేయడం నేరం. కోడిపుంజుకు ఇంత గౌరవం దక్కే ఊరు అమెరికాలో ఉంటుందని ఆయన అనుకోలేదు. పైగా ఆ ఉక్కపోత, ఆ ఉరుములూ మెరుపులూ అచ్చం కోనసీమే.

అలాంటి ఊరు డెత్ మెటల్‌కి పుట్టిల్లు ఎలా అయింది?

1980ల్లో ఫ్లోరిడా కుర్రాళ్లు కొందరు అప్పటిదాకా ఉన్న హెవీమెటల్ సంగీతాన్ని ఇంకా వేగంగా, ఇంకా బరువుగా వాయించడం మొదలుపెట్టారు. గిటార్ తీగల్ని మామూలు కన్నా వదులు చేసి శ్రుతి కిందికి దించారు. డ్రమ్ముల్ని రెండు పాదాలతోనూ మోగించారు. పాటని గొంతుతో కాదు, గుర్రుతో పాడారు. అలాంటి శబ్దాన్ని గందరగోళం కాకుండా రికార్డు చేయడం అందరి వల్లా కాదు. టాంపాలో ఇద్దరు అన్నదమ్ములు నడిపిన మోరిసౌండ్ స్టూడియోకి, అక్కడి ఇంజినీరు స్కాట్ బర్న్స్‌కి ఆ కిటుకు పట్టుబడింది. డెత్, మోర్బిడ్ ఏంజెల్, ఒబిచ్యువరీ, డీసైడ్ బ్యాండ్లు వరసకట్టాయి. ఉత్తరాన బఫెలోలో పుట్టిన కానిబాల్ కార్ప్స్ అయితే ఏకంగా మకాం మార్చేసింది. ఇవన్నీ కొడుకు చెబుతుంటే మాస్టారు ఆశ్చర్యపోయారు. పాటల గురించి కాదు... వీడు ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఎన్నేళ్లకి విన్నాను అని.

లోపల

గుమ్మం దగ్గర భారీ మనిషి పాస్‌పోర్టు చూశాడు, మాస్టారిని చూశాడు, మళ్లీ పాస్‌పోర్టు చూశాడు. ‘‘వెల్‌కమ్ సర్’’ అంటూ చేతికి కాగితం పట్టీ చుట్టాడు. కొడుకు పసుపుపచ్చని స్పాంజి బిరడాలు రెండు ఇచ్చి చెవుల్లో పెట్టించాడు. ‘‘తీయకండి. వంద డెసిబెల్స్ దాటితే పావుగంట కూడా చెవికి మంచిది కాదు’’ అన్నాడు. చిన్నప్పుడు తీర్థానికి తీసుకెళ్తూ ఇదే కొడుక్కి తాను చెప్పిన జాగ్రత్తలు గుర్తొచ్చాయి ఆయనకి.

హాలు మహా అయితే మన ఊళ్లో కల్యాణ మండపంలో సగం. మూడొందల మంది ఉంటారేమో. కుర్చీల్లేవు. వేదిక మోకాలెత్తు. దీపాలు ఆరాయి.

తర్వాత జరిగింది ఆయన చెవులతో వినలేదు. ఛాతీతో విన్నారు. నేల అదిరింది, చొక్కా అదిరింది, పళ్లు అదిరాయి. మైకు పట్టుకున్న కుర్రాడి నోట్లోంచి మనిషి గొంతు కాని గొంతు వచ్చింది. మామూలుగా మాట్లాడేటప్పుడు మోగేవి స్వరతంత్రులు. ఈ గాయకులు వాటికి పైనుండే మడతల్ని కూడా అదిలిస్తారు. సాధన లేకుండా చేస్తే గొంతు పోతుంది. అరుపులా వినిపించే ఆ అరుపు వెనక ఏళ్ల సాధన ఉంటుంది.

వేదిక ముందు ఖాళీ ఏర్పడింది. అందులోకి దూకి ఒకర్నొకరు తోసుకోవడం మొదలుపెట్టారు. కొట్లాట అనుకుని మాస్టారు కొడుకు చెయ్యి పట్టుకున్నారు. ఇంతలో ఓ కుర్రాడు జారిపడ్డాడు. తొక్కేస్తారు అనుకునేలోగా నాలుగు చేతులు వాణ్ని లేపి నిలబెట్టాయి. ఎవరిదో బూటు ఊడితే ఇంకొకడు దాన్ని గాల్లోకి ఎత్తి చూపించాడు. బూటు సొంతదారుడు వచ్చి, దణ్ణం పెట్టినట్టు తలవంచి తీసుకుని మళ్లీ దూకాడు. పడినవాణ్ని లేపడం అక్కడ రాయని చట్టం. ఒంటినిండా పచ్చబొట్లున్న అమ్మాయి ఎక్కణ్నుంచో పొడవాటి స్టూలు తెచ్చి మాస్టారి పక్కన పెట్టింది. ఆయన కూర్చుని మరీ చూశారు.

పాటల్లో ఏముంటుందని దారిలో అడిగితే కొడుకు నసిగాడు. శవాలు, రక్తం, కుళ్లడం... ఛీ అనబోయి ఆగారు మాస్టారు. తిక్కన స్త్రీపర్వం పాఠం చెప్పింది తానేగా. యుద్ధం ముగిశాక రణరంగంలో నక్కలూ గద్దలూ లాగుతున్న శరీరాల మధ్య గాంధారి కొడుకుల్ని వెతుక్కుంటుంది. నవరసాల్లో భయానకానికీ బీభత్సానికీ మనవాళ్లు పీట వేశారు. వేయాల్సి వచ్చింది కాబట్టే వేశారు.

అప్పుడు చూశారాయన. పక్కనే కొడుకు. కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిళ్లు బిగించి, గాయకుడితో పాటు అరుస్తున్నాడు. మెడనరాలు పొంగాయి. చెంపల మీద తడి. చెమటో, మరొకటో.

ఆ ముఖం మాస్టారు ఇంతకుముందు ఒక్కసారే చూశారు.

అదే ముఖం

2012లో, వీడి పెళ్లికి ముందు. వాళ్ల ఇళ్లల్లో చిన్నవయసులో పోయిన బిడ్డ వీరభద్రుడితో సమానం. శుభకార్యానికి ముందు సంబరం చేసి, డోళ్లు మోగిస్తూ గోదారికి వెళతారు. కత్తి పట్టుకున్న మనిషి వీరావేశంతో ఖడ్గాలు చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ‘అశ్శరభ శరభ’ అని కేకలు వేస్తారు. ఆ రోజు ఎప్పుడూ నోరు విప్పని పెళ్లికొడుకు కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి అందరికన్నా గట్టిగా అరిచాడు. ‘‘వాడికి పూనకం వచ్చిందిరా’’ అన్నారు చుట్టాలు.

ఆ సంబరం ఎవరికోసమో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. పెద్దకొడుకు కోసం. 1994 ఎండాకాలం సెలవుల్లో స్నేహితులతో కాలవలో ఈతకి వెళ్లి తిరిగి రాలేదు. పదిహేనేళ్లు. తమ్ముడికి పది. పెద్దవాడికి పాటల పిచ్చి. పొద్దున లేస్తే టేప్ రికార్డర్ మోగాల్సిందే. పెద్దకర్మ అయిన మర్నాడు తమ్ముడు ఆ టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చుంటే మాస్టారు లాక్కుని అటకెక్కించారు. ‘‘ఈ ఇంట్లో పాట వినపడకూడదు’’ అన్నారు. భార్య ఏడుపు ఆగాలని అలా అన్నారు. ఏడుపు ఆగింది. పాట ఆగింది. మాటా ఆగింది. ఆ ఇంట్లో పెద్దవాడి పేరెత్తిన వాళ్లు లేరు.

గిటారు కొన్న తండ్రి

పదిన్నరకి కచేరీ అయిపోయింది. బయట కారు పక్కన నిలబడి నీళ్లు తాగుతుంటే చొక్కా మీది పేరు చూపించి అడిగారు మాస్టారు. ‘‘డెత్... ఈ ఒక్కటీ చదవగలిగాను. ఎవరిది?’’

కొడుకు చెప్పాడు. చక్ షుల్డినర్‌ది. టాంపాకి గంటన్నర దూరంలో, ఆల్టమాంట్ స్ప్రింగ్స్‌లో పెరిగాడు. డెత్ మెటల్‌కి మూలపురుషుల్లో ఒకడు. 1987లో తొలి ఆల్బమ్ వచ్చేనాటికి నిండా ఇరవై ఏళ్లు. మొదట్లో నెత్తుటి కథలు పాడినవాడు రానురానూ మనిషి బాధల్ని, మోసాల్ని, ఓర్పుని పాడాడు. 1999లో మెదడులో కణితి బయటపడింది. వైద్యానికి డబ్బు కోసం కుటుంబం ఇబ్బంది పడుతుంటే సాటి సంగీతకారులూ అభిమానులూ కచేరీలు పెట్టి నిధులు పోగుచేశారు. అయినా 2001 డిసెంబర్ 13న పోయాడు. 34 ఏళ్లకే.

‘‘గిటార్ ఎలా పట్టాడో తెలుసా నాన్నగారూ?’’ అని ఆగాడు కొడుకు. రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. ‘‘వాడికి తొమ్మిదేళ్లప్పుడు అన్న కారు ప్రమాదంలో పోయాడు. పదహారేళ్ల అన్న. పిల్లాడు దిగులుతో ఏమైపోతాడోనని వాళ్ల అమ్మానాన్నా గిటార్ కొనిచ్చారు. మొదట నేర్పిన పాఠాలు నచ్చక మానేయబోతే, ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చిచ్చారు. ఇక వదల్లేదు.’’

మాస్టారు కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ఇలాంటి సంగీతం వింటే కోపం పెరుగుతుందా, తగ్గుతుందా అని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. 39 మంది అభిమానులకు ముందు కోపం తెప్పించి, తర్వాత వాళ్లకిష్టమైన పాటలు వినిపించారు. కోపం పెరగలేదు. నిశ్శబ్దంగా కూర్చున్నవాళ్ల లాగానే వీళ్లూ కుదుటపడ్డారని 2015లో వెలువడిన ఆ అధ్యయనం చెప్పింది. ఆ సంగతి మాస్టారికి తెలియదు. ఆయనకి తెలిసింది ఒక్కటే. ఒక తండ్రి గిటార్ కొనిచ్చాడు. ఇంకో తండ్రి టేప్ రికార్డర్ లాక్కున్నాడు. ఇద్దరూ బిడ్డ మీద ప్రేమతోనే చేశారు.

‘‘ఒరేయ్ చిన్నోడా...’’ అన్నారు చాలాసేపటికి. ‘‘ఆ టేప్ రికార్డర్ ఇంకా అటక మీదే ఉందిరా. పారేయలేదు.’’

‘‘తెలుసు నాన్నగారూ. సెలవులకి వచ్చినప్పుడల్లా ఎక్కి చూసేవాణ్ని.’’

చీకట్లో ఎక్కడో ఓ కోడిపుంజు వేళకాని వేళ కూసింది. ఇద్దరూ కారెక్కారు. కొడుకు అలవాటుగా స్పీకరు ఆపబోయాడు. ‘‘ఉండనీ. కాస్త తగ్గించు, చాలు’’ అన్నారు మాస్టారు.

ఇంటికి చేరేసరికి పన్నెండవుతోంది. ఆవిడ నిద్రపోలేదు. పెరుగన్నం కలిపి ఇద్దరికీ చెరో గిన్నె ఇచ్చింది. ‘‘ఎలా ఉందండీ? ఏం పాడారు?’’

‘‘ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చెవులు ఇంకా గింగురుమంటున్నాయి.’’ రెండు ముద్దలు తిన్నాక మాస్టారు తలెత్తకుండానే అన్నారు. ‘‘పెద్దాడుంటే... ఆ గుంపులోకి దూకి ఎగిరేవాడు.’’

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. కొడుకు తల్లి వంక చూశాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

‘‘వాడా...’’ అంది ఆవిడ, కొడుకు గిన్నెలో మరికాస్త పెరుగు వేస్తూ. ‘‘ఎగరకుండా ఉంటాడా!’’